తడిసిన చొక్కా

నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు సుమిత్ర రాసిపెడుతోంది. వరస అటూ ఇటూ అయితే ఏమీ అనుకోకండి. ఈ మధ్య ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు గుర్తొస్తోంది.

మా తమ్ముడు పరాంకుశం కొండ మీద రేడియో టెలిస్కోపు దగ్గర పనిచేసేవాడు. అంతరిక్షంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చే సంకేతాలు వినే పెద్ద గిన్నె అది. పక్కనే, మనకు దారి చూపే ఉపగ్రహాల సంకేతాలు అందుకునే చిన్న యంత్రం. రెండింటికీ సంకేతాలు గాలిలోంచే రావాలి. గాలిలో తేమ ఉంటే అవి పిసరంత ఆలస్యమవుతాయి. ఆ ఆలస్యాన్ని కొలవడం తమ్ముడి శిష్యుడు ఏలియా పని.

ఆ వేసవిలో ఏలియాకు నిద్ర లేదు. పొడి రోజుల్లో రెండు యంత్రాల లెక్కలూ చక్కగా కలిసేవి. తేమ రోజుల్లో మాత్రం ఇష్టమొచ్చినట్టు ఎగిరిపడేవి. ఆ రోజుల కొలతలన్నీ చెరిపేస్తే పరిశోధన గట్టెక్కుతుంది. చెరిపితే మళ్లీ రావు. గురువు సరే అనాలి.

అడగడానికే ఒకరోజు మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు, బాగా ఆలస్యంగా. మా వాకిట్లో ఎండ మండిపోతోంది. వాడి చొక్కా మాత్రం తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"ఏరా, బావిలో పడ్డావా?" అన్నాను.

వాడు వినిపించుకోలేదు. "సార్, ఆ తేమ రోజులు తీసేస్తాను. అవన్నీ ఉత్త చెత్త."

తమ్ముడు లేచి దగ్గరికి వచ్చాడు. వాడి చొక్కా అంచు పట్టుకుని పిండాడు. గచ్చు మీద నీళ్లు కారాయి.

"ఎటునుంచి వచ్చావు?"

"పడమటి కనుమ మీదుగా, సార్."

"అక్కా, డాబా మీద వడియాలు తీసెయ్యి."

"ఇంత ఎండలోనా? నీకేమైనా మతిపోయిందా? ఇంకా పచ్చిగానే ఉన్నాయి!"

తనే మెట్లెక్కాడు. ముగ్గురం తలో కొసా పట్టుకుని, వడియాలు పెట్టిన చీరను మోసుకొచ్చాం. హాల్లో పరిచామో లేదో, వాన ధారగా పట్టుకుంది.

ఏలియా గుమ్మంలో నిలబడిపోయాడు. "మీకెలా తెలిసింది సార్?"

"నువ్వు తడిసి, ఆలస్యంగా వచ్చావు కదా. దారిలో ఏముందో ఆ ఆలస్యమే చెప్పింది."

వాన వెలిశాక ఏలియా కొండకు తిరిగి వెళ్లాడు. ఆ కొలతల్లో ఒక్కటీ చెరపలేదు.

ఇప్పటికీ నన్ను చూడ్డానికి వస్తాడు. మధ్యలో మాట తట్టక నేను ఆగిపోతే, తొందరపడి అందించడు. అది వచ్చేదాకా పక్కనే కూర్చుంటాడు. వాడు చల్లగా ఉండాలి.

సుమిత్రా, మీ నాన్న శిష్యుడి పేరు ఏలియాయేనా? ఆయన పాత కాగితాల్లో ఒక్కసారి చూసి చెప్పమ్మా.