గొడుగు గుడ్డ

ఆ పట్నంలోకి ఒంటి మనిషిని రానివ్వరు. కోట గుమ్మం దగ్గర కావలివాడు ఒకటే మాట అడుగుతాడు: "ఎవరి తాలూకు?" ఫలానావారి తాలూకు అని చెప్పగలిగితే లోపల పని దొరుకుతుంది. చెప్పలేకపోతే బయట ఎండ ఎలాగూ ఉంది.

తిరగళ్లకు గంట్లు కొట్టే మనిషి ఒకతె ఆ గుమ్మం ముందుకొచ్చింది. చేతిలో ఉలి, సుత్తి. కడుపులో నెలలు నిండుతున్న బిడ్డ.

"నా ఉలి తాలూకు" అందామె.

కావలివాడు నవ్వాడు. ఉలికి మనుషులుంటారని అతను ఎక్కడా వినలేదు.

గుమ్మానికి ఎడమ పక్క మేస్త్రీ సావిడి. "రావమ్మా" అన్నాడు మేస్త్రీ. "నేను పంపిన ఇళ్లకే వెళ్లాలి. పనున్నన్నాళ్లు నువ్వు నా తాలూకే. నా కప్పు కింద పడుకో. నీ దగ్గర నూలుపోగు కూడా అడగను."

"పని అయిపోయాక?"

"నువ్వెవరో, నేనెవరో."

"పురుడొస్తే?"

"పురుడు పని కాదు కదమ్మా."

అబద్ధం చెప్పలేదు పాపం. అతనిలో మంచితనం ఏదన్నా ఉంటే అదే.

కుడి పక్క గొడుగాయన నిలబడి ఉన్నాడు. ఆ గొడుగు కింద చాలామంది ఆడవాళ్లు. "ఏ మేస్త్రీ పంపినా, ఏ ఇంటికెళ్లినా, పనున్నా లేకున్నా, నువ్వు నా తాలూకే" అన్నాడు. "కాకపోతే గొడుగుకి గుడ్డ కావాలి. నీ చీరలోంచి జానెడు."

"గొడుగు నీదీ, గుడ్డ నాదీనా?"

"కర్ర నాది. రోజంతా పట్టుకునేది నేను. చెయ్యి లాగేది నాకు."

కింద కూర్చున్న ముసలామెకేసి తిరిగిందామె. "పెద్దమ్మా, నీ కొంగేదీ?"

"నీ నెత్తిమీదుంది చూడు."

అందరూ పక్కున నవ్వారు. "నవ్వు తల్లీ, గట్టిగా నవ్వు. ఇంకా నవ్వులో జానెడు అడగడం మొదలుపెట్టలేదు" అంది ముసలామె.

సావిడికి గోడలున్నాయి, తలుపూ ఉంది. గొడుగుకి గోడలు లేవు, తలుపూ లేదు. ఆమె కడుపు తడుముకుంది. కొంగు పట్టుకుని చింపింది. ఆ చప్పుడుకి గొడుగాయన తల తిప్పుకున్నాడు.

వానలు పట్టాయి. పట్నంలో తిరగళ్లు ఆగాయి. మేస్త్రీ సావిడి తలుపు మూసుకుంది. ఆమె గొడుగు కిందే ఉంది.

ఏటవాలు వానలో ఆమెకి నొప్పులొచ్చాయి.

"దారిన పోయేవాళ్లంతా చూస్తున్నారు, తెర కావాలే" అంది ఒకతె.

ముసలామె పైకి చూసింది. మిగతావాళ్లూ చూశారు. తలో అంచు పట్టుకుని లాగారు.

"అయ్యో, నా గొడుగు!"

"నీ కర్ర నీ చేతిలోనే ఉంది కదయ్యా. పట్టుకో."

అతను నిజంగానే పట్టుకున్నాడు. వట్టి ఊచలు నెత్తిమీద పెట్టుకుని, తెరకి వీపు తిప్పి, అలవాటు కొద్దీ నిలబడ్డాడు. తడిసి ముద్దయ్యాడు.

లోపల బిడ్డ కేర్‌మంది.

"పొడి గుడ్డ! ఎవరి దగ్గరన్నా పొడి గుడ్డ ఉందా?"

ఏ ఆడదానికీ కొంగు లేదు. తెర సందులోంచి ముసలామె చెయ్యి బయటికొచ్చింది.

గొడుగాయన కర్ర కింద పెట్టాడు. తలపాగా విప్పాడు. పై చుట్లు నీళ్లోడుతున్నాయి, లోపలివి పొడిగా ఉన్నాయి.

"ఎంత చింపమంటావమ్మా?" అన్నాడు.

ఆ చెయ్యి చాచినది చాచినట్టే ఉంది.