తోటకూర మీద మసి

పట్నం నడుమ ఆకుకూరలు పండించే గంగులమ్మ మడులకు మంత్రిగారు ఎసరు పెట్టారు. పక్కనున్న తన ఇటుక బట్టీలకు ఆ చోటు కూడా కలుపుకోవాలని ఆయన ఉబలాటం. ఆమెను సభకు రప్పించి, ఆమె తోటకూర మీద వేలితో రాసి, అంటిన మసి రాజుగారికి చూపించారు.

"ఇది తింటే జనం రోగాలపాలవుతారు ప్రభూ. తోట పీకించెయ్యాలి."

గంగులమ్మకు ఒళ్లు మండింది. అయినా నోరు జారకుండా కూరకట్టను నీళ్లలో జాడించింది. ఆకు పచ్చగా తేలింది. తర్వాత మంత్రిగారికి తెల్లగుడ్డ అందించి, "తమరోసారి ముక్కు చీదండి బాబయ్యా" అంది.

చీదితే గుడ్డ నల్లబడింది.

"అయ్యగారు నా కూర ఎన్నడూ తినలేదు. మరి ఈ మసి ఎక్కడిది? ఆకునైతే కడుక్కుని తింటాం. బట్టీల పొగ పట్టిన గాలిని ఎట్టా కడుక్కుని పీల్చాలి దొరా?"

రాజుగారు పక్కకు తిరిగి, తన ఉత్తరీయంలో ముక్కు చీదుకుని, ఓసారి చూసుకుని, బట్టీలను పట్నం అవతలికి తరలించమన్నారు.