సూరక్క మట్టికట్ట

గుట్టలూ వాగులూ తప్ప మరేమీ లేని ఒకానొక రాజ్యాన్ని ప్రతాపకేతుడనే రాజు ఏలుతుండేవాడు. తన రాజ్యంలో గాలి వీచినా తన ఆజ్ఞ మీదనే వీస్తుందని ఆయన నమ్మకం.

ఆ రాజ్యంలో ఒక గుట్ట వాలున సూరక్క అనే రైతుకు నాలుగు చెక్కల చేను ఉండేది. వాన పడినప్పుడల్లా చేను నడుమ వాననీటి పాయ మన్నును కోసుకుపోయేది. మన్ను పోతే ఇక తినేదేముంది? సూరక్క ఆ పాయకు అడ్డంగా మట్టికట్ట వేసింది. తొలి ఏడు తెగింది. రెండో ఏడు అడుగున ఊట పట్టి కూలింది. మూడో ఏడు గట్టి నేల తగిలేదాకా పునాది తవ్వి, బంకమట్టి తొక్కి, మిగులు నీరు పొర్లిపోవడానికి పక్కన అలుగు విడిచింది. ఈసారి కట్ట నిలిచింది.

ఆ సంగతి మంత్రి చెవిన పడింది. ఆమెను సభకు పిలిపించాడు.

"వాన నీరు రాజుది. నీ ఇష్టానికి ఆపుతావా? ఎల్లుండిలోగా కట్ట తెంచెయ్!" అన్నాడు రాజు.

"తెంచను, మహాప్రభూ. ఎల్లుండి వచ్చి ఎందుకో మనవి చేసుకుంటాను," అంది సూరక్క.

మరునాడు జోరున వాన కురిసింది. మూడోనాడు సూరక్క రెండు ముంతలతో సభకు వచ్చింది. ఒకదానిలో ఎర్రటి బురదనీరు, మరొకదానిలో తేటనీరు.

"ఏలినవారి నీరు ఏదో సెలవివ్వండి."

రాజు మీసం దువ్వాడు. "అదీ అడగాలా? తేటదే నాది. ఆ బురద నాదంటావా?"

"అయితే కట్ట తెంచే పనే లేదు ప్రభూ. ఆ బురద కట్టకు ఎగువన ముంచింది, ఈ తేటనీరు నా అలుగు మీదుగా దాటి వచ్చిందే. తమ సొత్తు నేనేం ఆపాను?"

మంత్రి లేచాడు. "బురదలోని నీరు కూడా ప్రభువులదే!"

"మరి అందులోని మన్ను ఎవరిది, మంత్రిగారూ? నా చేనిది. నీరు ఏలినవారిదైతే, ఇన్నేళ్లూ నా మన్ను దొంగిలించిందెవరో తమరే చెప్పండి."

సూరక్క తల దించలేదు.

రాజు ముఖం ఎర్రబడింది. అంతలో మంత్రి నీళ్లు నమలడం చూసి ఆయన మీసం కింద నవ్వు మొలిచింది. చివరికి పగలబడి నవ్వాడు.

"దొంగను నేనే, దొరికిపోయాను! ఆ కట్ట నీదే, తరతరాలకూ. రాజ్యంలో కోసుకుపోయే ప్రతి పాయకూ నీ మాట ప్రకారం కట్ట పడాలి. మంత్రీ, మీరు దగ్గరుండి వేయించండి."

ఆ నెలలోనే పని మొదలైంది. తొలి మట్టితట్ట మంత్రి తలకెత్తి సూరక్క అంది:

"మెల్లగా, బాబూ. కాలు జారిందంటే మన్ను మళ్లీ వాగు పాలవుతుంది."