చెంగయ్య కాలికట్టు

అనగనగనగా, కోతులు కూడా దారి తప్పేంత చిక్కటి అడవి. అక్కడ ఎండలు ముదిరేముందు ఏటా ఫుట్‌బాల్ పోటీ. ఏటిగట్టు జట్టు ఒకటి, కొండగట్టు జట్టు ఒకటి. మూడు ఆటలు. రెండు గెలిచినవాళ్ళకే ఆ వేసవంతా మడుగు పక్క చల్లటి నీడ. ఓడినవాళ్ళు? ఎండలో మాడి మసే!

ఏటిగట్టు నాయకురాలు ముంగిస మునెమ్మ. కొండగట్టు నాయకుడు అడవిపంది ఘుర్రప్ప. ఇద్దరూ వంతులవారీగా ఆటగాళ్ళని కోరుకోవాలి. ఒకసారి కోరుకున్నాక మార్చడానికి లేదు, అదీ రూలు.

అందరూ అయిపోయారు. తొండ, జింక చెంగయ్య మిగిలారు. చెంగయ్యంత వేగంగా ఉరికే జింక ఆ అడవిలోనే లేదు. కానీ మొన్నటి వానకి జారిపడి వెనక కాలు విరిగింది. వెదురుబద్దల కట్టు ఇంకా ఊడలేదు.

"కుంటోడు నాకెందుకు? తొండే నయం!" అన్నాడు ఘుర్రప్ప. కొండగట్టంతా పగలబడి నవ్వింది.

మునెమ్మ వైద్యం చేసే ఎలుగు తాతని అడిగింది. "తాతా, వీడి కాలు ఎప్పటికి బాగవుతుంది?"

"మూడో ఆట నాటికి అతుకుతుంది. ముందే ఉరికాడా, ఇక జన్మలో ఉరకడు. ఉరకలేని జింకని పులి ఎన్నాళ్ళు వదుల్తుందమ్మా?"

మునెమ్మ వెళ్ళి చెంగయ్య పక్కన నిలబడింది. "సరే, వీడు నావాడే. నువ్వు చెప్పేదాకా కట్టు విప్పను."

మొదటి ఆట. ఒకడు తక్కువ. చిత్తుగా ఓడారు. "ముంగిసకి మతి పోయిందిరోయ్!" అని ఉడతలు ఒకటే గోల.

రెండో ఆట. చెరో గోలు. ఇది పోతే నీడ పోయినట్టే. గట్టు మీంచి చెంగయ్య అరిచాడు. "అక్కా, ఒక్క పరుగు! కట్టు తెంపేస్తా!"

మునెమ్మకీ మనసు లాగింది. అయినా గట్టిగా కసిరింది. "కూర్చోరా! నీడ వచ్చే ఏడైనా వస్తుంది. నీ కాలు ఏ సంతలో కొనుక్కురాను? ఊరికే కూర్చోకు, వాళ్ళ ఆట చూడు!" అని ఘుర్రప్ప పొట్ట కిందనుంచి సర్రున దూరి గోలు కొట్టేసింది.

మూడో ఆట. తాత కట్టు విప్పి ఎముక నొక్కాడు. "నొప్పుందా?"

"లేదు తాతా."

"అయితే దూకు!"

చెంగయ్య చెంగున దూకాడు. "జింకని పట్టండ్రా!" అని ఘుర్రప్ప కేకేశాడు. కొండగట్టంతా వాడి వెంటే పడింది. రెండు ఆటలు కూర్చుని చూసినవాడికి తెలీదా, వీళ్ళు ఎవరికి భయపడితే వాడి వెనకే పరిగెడతారని! అందరినీ ఓ మూలకి లాక్కెళ్ళి, బంతిని మెల్లగా మునెమ్మకి తోశాడు. గోలు దగ్గర ఈగ కూడా లేదు. ధన్!

సాయంత్రం మడుగు దగ్గరికి ఘుర్రప్ప చెమటలు కక్కుతూ వచ్చాడు. "మునెమ్మా, వచ్చే ఏడు చెంగయ్య నాకే!"

"తీసుకో మావా. మరి ఆగడం వచ్చా నీకు?" అని నవ్వి, కాస్త జరిగి వాడికీ నీడలో చోటిచ్చింది.

అందుకే పిల్లలూ, గాయపడ్డవాణ్ణి జట్టులోకి తీసుకుంటే, ఆ గాయం మానేదాకా ఆగే ఓపికని కూడా వాడితోపాటే తీసుకోవాలి.