కళ్ళు లేని రామచిలుక

పిల్లలూ, ఈ కథ మీరెప్పుడూ వినలేదు. మనం ఉంటున్న ఈ దూరపు ఊళ్ళో దీన్ని చెప్పేవాళ్ళు లేరు కాబట్టి నేనే చెప్పాలి. ఏదీ వదలకుండా చెప్పాలని చూస్తాను. దగ్గరికి జరిగి కూర్చోండి.

అనగనగా కుందనపురమని ఒక రాజ్యం, దానికి మణిమంతుడని ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కీర్తిసేనుడు కత్తి తిప్పేవాడు. రెండోవాడు శూరసేనుడు గుర్రాలెక్కేవాడు. చిన్నవాడు పుష్పసేనుడు రంగులు నూరుకుని బొమ్మలు వేసుకునేవాడు.

"ఒరే రంగుల పిల్లాడా, యుద్ధమొస్తే శత్రువు బొమ్మ గీసి భయపెడతావా?" అని అన్నలు ఏడిపించేవారు.

ఏడు సముద్రాల అవతల ఒక దీవి ఉంది. అక్కడ ఏటా ఒక సంత జరుగుతుంది. ఆ సంతలో కూరగాయలుండవు, పశువులుండవు. పాతకాలపు నగలు, బంగారు నీటితో బొమ్మలు వేసిన తాళపత్ర పుస్తకాలు ఉంటాయి. ఆ సంత చూడబోయిన పొరుగు రాజకుమార్తె హేమలేఖ తిరిగి రాలేదు. ఆమెను తీసుకొస్తానని పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. వాళ్ళిద్దరినీ తీసుకొస్తానని రెండోవాడు వెళ్ళాడు, రాలేదు. రాజు అన్నం మానేశాడు. అప్పుడు చిన్నవాడు బయల్దేరాడు.

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు వలలో చిక్కుకుని ఉంది. పుష్పసేనుడు వల కోసి విడిపించాడు. ఎక్కడికని అడిగి తెలుసుకుని, "ఎక్కు నాయనా, నెమ్మదిగా పోతాను గానీ ఆగను" అంది తాబేలు. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, అలా ఏడూ దాటారు.

సంతలో అడుగుపెట్టగానే పుష్పసేనుడు వచ్చిన పని కాసేపు మరిచిపోయాడు. తప్పు పట్టకండి, మీరైనా మరిచిపోయేవారు. తాళపత్రాల అంచుల్లో వెంట్రుకంత సన్నని తీగలు, ఆ తీగలకు ఆవగింజంత పువ్వులు, పువ్వు పువ్వులోనూ బంగారు పుప్పొడి. నెమలి మెడలాంటి నీలం, దానిమ్మ గింజలాంటి ఎరుపు. ఎప్పుడో ఏ రాణో పెట్టుకున్న కమ్మల మీద చెక్కిన చీమలకు కాళ్ళు కూడా కనిపిస్తున్నాయి. ఏ చేతులు చేశాయో ఇవి, ఆ చేతులకు దండం అనుకున్నాడు.

సంతంతా వక్రదంతుడనే మాంత్రికుడిది. అతను ఒక తాటాకు మీద పాకుతున్న పుస్తకాల పురుగును బొటనవేలితో నలపబోతుంటే పుష్పసేనుడు దాన్ని చటుక్కున తీసి తలపాగాలో పెట్టుకున్నాడు. తరువాత ఆ ఆకు వైపు చూసి నిలబడిపోయాడు. ఒక మూల రామచిలుక. మధ్యలో ఒక అమ్మాయి. ఆమెకు అటూ ఇటూ ఇద్దరు యువకులు. ఆ యువకులు తన అన్నలే. బొమ్మల్లో ఎవరికీ కళ్ళు లేవు.

పురుగు చెవి దగ్గరికి పాకి ఉన్నదంతా చెప్పింది. ఇక్కడి నగ పెట్టుకున్నవాళ్ళు బొమ్మలైపోతారు. మాంత్రికుడి ప్రాణం ఆ చిలుకలో ఉంది, చిలుక ఆకు వదిలిపోతే అతని ప్రాణమూ పోతుంది. అయితే ఆకు చింపేస్తానన్నాడు పుష్పసేనుడు.

"చింపితే మీ అన్నలు కూడా చిరుగుతారు బాబూ" అంది పురుగు.

ఇంతలో మాంత్రికుడు ఒక కంటె తెచ్చి మెడలో వేసుకోమన్నాడు. రాకుమారుడు దాని పనితనాన్ని మెచ్చుకుని కింద పెట్టేశాడు. మాంత్రికుడు దండకడియం తెచ్చాడు. దాన్నీ మెచ్చుకుని పెట్టేశాడు. ఇంత బాగా మెచ్చుకునేవాణ్ణి మాంత్రికుడు ఎప్పుడూ చూడలేదు. ఉబ్బిపోయి, అన్నిటికంటే పాత ఉంగరం చూపిస్తానని పెట్టె అడుగుకి వంగాడు.

మన దగ్గర బొమ్మలు వేసేవాళ్ళు కళ్ళు చివర్న వేస్తారు. కన్ను పడ్డాకే బొమ్మకు ప్రాణం వస్తుందని వాళ్ళ నమ్మకం. పుష్పసేనుడికి ఆ సంగతి తట్టింది. కానీ దగ్గర రంగు లేదు, కుంచె లేదు. ఉన్నదల్లా బయల్దేరేటప్పుడు వాళ్ళమ్మ చెంప మీద పెట్టిన దిష్టిచుక్క. అది ఆముదపు కాటుక, ఏడు సముద్రాల నీళ్ళకూ పోలేదు. ఒక గడ్డిపరకతో దాన్ని తీసి చిలుకకు కన్ను పెట్టాడు.

చిలుక రెప్ప వేసింది. రెక్క విదిలించింది. ఆకులోంచి లేచి, సంత మీదుగా, సముద్రం మీదుగా ఎగిరిపోయింది. ఉంగరం పట్టుకుని లేచిన మాంత్రికుడు "ఆగు" అనేలోపు ఎండుటాకులా పొడి పొడి అయిపోయాడు.

పుష్పసేనుడు దీపపు మసి తీసుకుని హేమలేఖకు కళ్ళు వేశాడు, అన్నలకు వేశాడు, తక్కిన ఆకుల్లో చిక్కుకున్న అందరికీ వేశాడు. సంతోషంలో తొందరపడి వేస్తే శూరసేనుడికి ఒక కన్ను కాస్త పెద్దదైంది.

"రంగుల పిల్లాడా, ఇదేంట్రా?" అన్నాడు శూరసేనుడు అద్దం చూసుకుని.

"బాగానే ఉందిలే మరిదిగారూ" అంది హేమలేఖ. పుష్పసేనుడి అన్నను పట్టుకుని మరిదంటుందేమిటని కీర్తిసేనుడు పడీ పడీ నవ్వాడు. ఆమె మనసులో ఏముందో మాత్రం అందరికీ తెలిసిపోయింది.

"బావగారనాలి" అన్నాడు పుష్పసేనుడు సిగ్గుపడుతూ.

వాళ్ళంతా తిరిగొచ్చాక కుందనపురంలో రాజు కడుపునిండా అన్నం తిన్నాడు. పెళ్ళి జరిగింది. పుష్పసేనుడూ హేమలేఖా ఆ పుస్తకాలను, నగలను తెచ్చి కోటలో పెట్టి, ఎవరు వచ్చినా చూడనిచ్చారు. జుట్టు నెరిసేదాకా చల్లగా రాజ్యం ఏలారు.

కథ ఇప్పుడు మీదైంది పిల్లలూ. రేపు ఇంకెవరికైనా చెప్పండి. తెలుగు మాట గుర్తు రాకపోతే వచ్చిన మాటతోనే చెప్పండి. చెప్పకుండా మాత్రం ఉండకండి.