పెట్టెలో గొంగళి

ఉరుసు దగ్గరపడే కొద్దీ మౌలాలికి కుదురు లేకుండా పోయింది.

కొండమీది దర్గాలో బురాన్ బాబా శిష్యులందరిలోకీ అతనే పాతవాడు. ఈ ఉరుసులో బాబా తన నల్ల గొంగళిని ఒకరి భుజాన వేస్తాడనీ, అది పడినవాడే తర్వాతి గురువనీ కొండ కింద ఊళ్లో అనుకుంటున్నారు.

తెల్ల అంచున్న ఆ గొంగళి బాబాకి ఆయన గురువు ఇచ్చింది. బాబా దాన్ని కప్పుకుని పొయ్యి ఊదేవాడు, పరుచుకుని పడుకునేవాడు. చూడలేక మౌలాలే ఒకనాడు దాన్ని అడిగి తీసుకుని, పట్టుగుడ్డలో చుట్టి, అత్తరు చల్లి, లోపలి గదిలో చెక్కపెట్టెలో దాచాడు. తాళంచెవి తన మొలతాడుకి కట్టుకున్నాడు. ఆ తర్వాత పెట్టె తెరిచినవాళ్లు లేరు.

కొత్తగా చేరిన హుసేనప్ప బాబాతో నవ్వుతూ కనిపిస్తే చాలు, మౌలాలి చెయ్యి తాళంచెవి మీదికి పోయేది. అన్నం సహించడం లేదు. నమాజులో నిలబడినా మనసు పెట్టె దగ్గరే.

ఒక మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"బాబా, నేను మీ దీపం చుట్టూ తిరిగే చిమ్మటని. గొంగళి ఎవరికిస్తారు?"

"ఇంకా ఉందా అది?" అన్నాడు బాబా. "పద, చూద్దాం. దీపం తీసుకురా."

లోపలి గదికి కిటికీ లేదు. మౌలాలి దీపం కింద పెట్టి పెట్టె తెరిచాడు. బూడిదరంగు చిమ్మటలు, బియ్యపుగింజలంత చిన్నవి, గుప్పున లేచాయి. పట్టుగుడ్డ విప్పితే గొంగళి నిండా చిల్లులు.

మౌలాలి గాలిలో రెండు చేతులూ చరుస్తూ చిమ్మటల వెంట పడ్డాడు.

"వాటినెందుకప్పా కొడతావు? రెక్కలొచ్చినాక వాటికి తిండే లేదు, తినేదంతా పురుగుగా ఉన్నప్పుడే. దీపం దగ్గరికి తే."

మౌలాలి దీపం ఎత్తి పట్టుకున్నాడు. ఒక్క చిమ్మటా మంట వైపు రాలేదు. అన్నీ గబగబా మడతల్లోకి, పెట్టె మూలల్లోకి దూరాయి.

"ఇవీ చిమ్మటలేనా బాబా?"

"చిమ్మటలే. వెలుగు గిట్టని వంశంలో పుట్టినవి. వీటి చుట్టాలు కొన్ని పిట్టగూళ్లలో ఈకలు తింటాయి, కొన్ని చచ్చిన జంతువుల కొమ్ములు తింటాయి. ఇవి మన దగ్గరికి పెట్టెలు చూసి వచ్చాయి."

బాబా గొంగళిని బయటికి తెచ్చి ఎండలో దులిపాడు. ఒక చిల్లు అంచునుంచి ఏదో గిల్లి తీసి మౌలాలి అరచేతిలో పెట్టాడు. ఉన్నిపోగు ముక్క అనుకున్నాడు మౌలాలి. అంతలో అది కదిలింది. చిన్న సంచిలోంచి పురుగొకటి తల బయటపెట్టి, సంచిని ఈడ్చుకుంటూ నడిచింది. సంచి నల్లటి ఉన్నితో అల్లుకున్నది. ఒకపక్క తెల్లటి చార.

"గొంగళి ఎవరికని అడిగావు గదా," అన్నాడు బాబా. "వీడు అప్పుడే తొడుక్కున్నాడు, చూడు."

ఎండ తగిలి పురుగు వేళ్లసందు కోసం వెతుక్కుంటోంది. తెలియకుండానే మౌలాలి వేళ్లు ముడిచి దానికి నీడ పట్టాడు. తర్వాత తన పిడికిలి వైపే చూస్తూ ఉండిపోయాడు.

నీళ్లబిందెతో మెట్లెక్కి వచ్చిన హుసేనప్ప ఆగాడు.

"ఏంది మౌలాలన్నా, జల్లెడ చేసి పెట్టినావు?"

మౌలాలి బాబా వైపు తిరిగాడు.

"ఇప్పుడు ఈ గొంగళిని ఎక్కడ పెట్టమంటారు బాబా?"

"గోడమీద వెయ్యి. చలేసినవాడు కప్పుకుంటాడు."

మౌలాలి గొంగళిని గోడమీద పరిచాడు. మొలతాడుకున్న తాళంచెవి విప్పాడు. దాన్నేం చెయ్యాలో తోచక, చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.