దివానుగారి దిండ్లు

గాలికొండ సంస్థానంలో గైరమ్మ సైకిలు మీద బండలు దూకుతూ కొండ దిగి రాజుగారి టపా చేరవేసేది. ఓనాడు సైకిలు ఫ్రేము విరిగింది. ఈసారి ముందూ వెనకా స్ప్రింగులున్న ఫ్రేమే కావాలని నిండుసభలో అడిగింది.

"కొలువు చేసేవాళ్లకు మెత్తదనమెందుకు? మొద్దు ఇనప ఫ్రేము చాలు," అన్నాడు దివాను.

"ఇది శాసనమైతే ఆచారం ప్రకారం లేచి నిలబడి చెప్పండి బాబూ," అంది గైరమ్మ.

దివాను ఠీవిగా లేచి అదేమాట మళ్లీ చెప్పాడు. గైరమ్మ ఆయన కుర్చీలోని దిండ్లు లాగేసి చంకన పెట్టుకుంది.

"తమరూ కొలువులోనే ఉన్నారు కదా. పైగా ఈ కుర్చీ బండలు దూకదు."

రాజు నవ్వాపుకుని, "శాసనం శాసనమే. కూర్చోండి దివానుగారూ," అన్నాడు.

సభ ముగిసేలోగా దివానే స్ప్రింగుల ఫ్రేముకు ఒప్పుకుని దిండ్లకోసం చెయ్యి చాచాడు.

"ముందు ఫ్రేము రానివ్వండి," అని గైరమ్మ దిండ్లతోనే ఇంటికెళ్లింది.